నమ్మకం లేని ఇంట్లో పండగ

ఆ మధ్య ఈ శీర్షికలోనే ఒక జవాబులో, మా ఇంట్లో వినాయక చవితికి పాలవెల్లి కడతాం గాని పూజ ఉండదని రాశాను. ఆ ఒక్క వాక్యం మీద వచ్చినన్ని ఉత్తరాలు ఇంకే విషయం మీదా రాలేదు. కొందరు సంతోషించారు, కొందరు నిలదీశారు, ఎక్కువమంది తమ ఇంటి సంగతి చెప్పి ఏం చేయమంటారని అడిగారు. ఈ సంచిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాను. కొత్తగా చదువుతున్నవారి కోసం ఒక మాట: నేను విజయవాడలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. దేవుడు ఉన్నాడని నమ్మను. పండగలంటే ప్రాణం.

ప్రశ్న: మేమిద్దరం దేవుణ్ణి నమ్మం. రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాం. మా పాప రెండో తరగతి. బడిలో పిల్లలంతా వినాయక చవితి కబుర్లు చెబుతుంటే "మన ఇంట్లో ఎందుకు చేయరు?" అని రోజూ అడుగుతోంది. ఈ ఏడు అత్తగారు మా ఇంటికి వచ్చి తానే పూజ చేస్తానంటున్నారు. మావారేమో "ప్రతి పండగ వెనకా ఒక శాస్త్రీయ కారణం ఉంటుంది కదా, పాపకు సైన్సుగా చెబుదాం" అంటున్నారు. నాకు అది సరిగా తోచడం లేదు. (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అమ్మా, మీకు సరిగా తోచకపోవడంలో న్యాయం ఉంది. మీవారి ఉద్దేశం మంచిదే. కాని ఆ దారిన వెళితే పాపకు సైన్సు పేరుతో అబద్ధాలు నేర్పినట్టవుతుంది. ఆచారాలన్నిటి వెనకా సైన్సు ఉందనే మాట నేను ఉద్యోగం చేసినంత కాలం వింటూనే ఉన్నాను, అధ్యాపకుల గదిలో కూడా.

వినాయకుడికి పెట్టే 21 రకాల పత్రి చెరువులో కలిస్తే నీళ్ళు శుద్ధి అవుతాయంటారు. ఆకు నీటిలో కుళ్ళేటప్పుడు ఆ నీటిలో ఉన్న ఆక్సిజన్ ఖర్చవుతుంది. ఆకు ఎక్కువైతే చేపలకు ఊపిరాడదు. ఇది ఇంటర్మీడియట్ పిల్లలకు చెప్పే పాఠమే. ఆ ఆకులన్నీ ఔషధాలు, ముట్టుకున్నా ఆరోగ్యమే అని ఇంకో మాట. ఆ 21లో ఉమ్మెత్త ఉంది, గన్నేరు ఉంది, జిల్లేడు ఉంది. గన్నేరు ఆకు మొదలుకొని వేరు దాకా విషమే, నేరుగా గుండె మీద పనిచేస్తుంది. ఉమ్మెత్త గింజలు తింటే మతి చలిస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. ఇవన్నీ ఆరోగ్యమని చెప్పి ఏడేళ్ళ పిల్ల చేతికి ఎలా ఇస్తాం? టపాకాయల పొగకు దోమలు చస్తాయనేదీ ఇదే కోవలోది. ఆ పొగ అన్నిటికన్నా ముందు ఉబ్బసం ఉన్న పిల్లల్ని పట్టుకుంటుంది.

సంక్రాంతి సంగతి చూడండి. ఆ రోజు సూర్యుడు ఉత్తరానికి మళ్ళుతాడని, కాబట్టి అది అచ్చమైన ఖగోళ శాస్త్రమని అంటారు. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లో. ఒకప్పుడు మకర సంక్రమణం, ఉత్తరాయణం ఒకేసారి వచ్చేవి. మన పంచాంగం నక్షత్రాలను బట్టి లెక్క కడుతుంది. భూమి అక్షం దిశ చాలా నెమ్మదిగా మారుతూ ఉంటుంది కాబట్టి సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఆ రెండిటి మధ్య ఎడం పెరుగుతూ వచ్చి, సంక్రాంతి ఇప్పుడు జనవరి 14, 15 తేదీల్లో పడుతోంది. పాప కాస్త పెద్దయ్యాక ఈ సంగతి చెప్పండి, కళ్ళు పెద్దవి చేసుకుని వింటుంది. పండగను అడ్డం పెట్టుకుని సైన్సు చెప్పాలనుకుంటే ఇలా చెప్పవచ్చు. పండగను సమర్థించుకోవడానికి సైన్సును వాడకూడదు. నమ్మకం లేనివాళ్ళు పండగ చేసుకోవడానికి సాకు వెతుక్కోవలసిన పనే లేదు. ఊళ్ళ నుంచి నలుగురూ వచ్చి ఒకచోట కూర్చుని తినడం చాలు. ఏడాదికి ఒక్కసారే చేసే వంట చాలు.

పాపకు నిజమే చెప్పండి. "వినాయకుడి కథ చాలా పాతది. నానమ్మ అది నిజంగా జరిగిందని నమ్ముతుంది. నాకూ నాన్నకూ అది కథ. పెద్దయ్యాక నీకు ఏది సరి అనిపిస్తే అది." ఆ వయసుకు ఇంతకు మించి అక్కర్లేదు. ఒక్క విషయంలో మాత్రం ఊరుకోకండి, చవితి చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయనే భయం. ఆ భయాన్ని ఆ రాత్రే పోగొట్టండి. చీకటి పడగానే డాబా మీదికి తీసుకెళ్ళి చంద్రుణ్ణి చూపించండి. చవితి చంద్రుడు రెండు మూడు గంటల్లో పడమట దిగిపోతాడు కాబట్టి భోజనాలయ్యాక చూద్దామని వాయిదా వేయకండి. శమంతకమణి కథ కూడా అక్కడే కూర్చుని చెప్పండి. నాకు ఎంతో ఇష్టమైన కథ అది. మణి కోసం ప్రసేనుణ్ణి చంపాడని ఊరంతా తన మీద నింద వేస్తే కృష్ణుడు చంద్రుణ్ణి తిట్టుకుంటూ కూర్చోడు. అడవికి వెళ్ళి, సింహం అడుగుజాడలు, ఆ తర్వాత ఎలుగుబంటి అడుగుజాడలు పట్టుకుని గుహ దాకా పోయి నిజం తేల్చుకుని వస్తాడు. పిల్లలకు అందులో నేర్చుకోవడానికి ఎంతో ఉంది.

పండగ ముందురోజు బజారులో పత్రి కట్ట కొనకండి. దొరికిన చెట్టునల్లా విరిచి కట్టలు కట్టి అమ్ముతారు, సగం ఆకులు జాబితాలోవి కావు. పాపను తీసుకుని కాలవ గట్టుకు వెళ్ళండి. నేను మా విద్యార్థులను బందరు కాలవ గట్టుకు తీసుకెళ్ళేదాన్ని. ఉత్తరేణి పక్కగా నడిస్తే చాలు, దాని గింజలు పావడా అంచుకు పట్టుకుని ఇంటిదాకా వస్తాయి. తన విత్తనాలను మనచేత మోయించుకోవడం ఆ మొక్క పద్ధతి. వావిలి ఆకుకు ఐదు రెబ్బలుంటాయి, వెనక్కి తిప్పితే తెల్లగా, నూగుగా ఉంటుంది. మారేడుకు మూడే రెబ్బలు. జమ్మి కొమ్మకు చిన్న చిన్న ముళ్ళుంటాయి. మాచిపత్రిని వేళ్ళ మధ్య నలిపి వాసన చూడమనండి. గరికను పీకేముందు అది నేల మీద ఎలా పాకుతోందో, కణుపు కణుపుకూ ఎలా వేళ్ళు దించిందో చూపించండి. ఒక్కో రకానికి ఒక్క ఆకు చాలు. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మాత్రం మీరే కోసి చేతులు శుభ్రంగా కడుక్కోండి. 21 రకాలూ దొరకవు. హిమాలయాల్లో పెరిగే దేవదారు కృష్ణా తీరాన ఎక్కడుంటుంది? దొరికినవాటిని పాత పుస్తకంలో ఒత్తిపెట్టి, ఆరాక కాగితానికి అంటించి, పాపచేతనే పేర్లు రాయించండి.

పాలవెల్లి కూడా కట్టండి. అందులో వేలాడదీసే వాటిని ఒకసారి పరికించి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. వెలగకాయ ఈ నేలదే. మొక్కజొన్న పొత్తు, జామకాయ, సీతాఫలం ఈ నేలవి కావు. వాటి పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ ప్రయాణం తర్వాతే ఆ పంటలు సముద్రాలు దాటి లోకమంతా పాకాయి. ఎవరో ఒక ముత్తవ్వ, ఏదో ఒక చవితినాడు, కొత్తగా వచ్చిన జామకాయను మొదటిసారి పాలవెల్లికి కట్టి ఉంటుంది కదా. ఆమెకు ఉన్న స్వేచ్ఛ మీకూ ఉంది.

ఇక అత్తగారు. ఆవిడ పూజ ఆవిడను చేసుకోనివ్వండి. మట్టి బొమ్మ, పీట, దీపం ఆవిడకు కావలసినట్టు అమర్చిపెట్టండి. కథ చదువుతుంటే పక్కన కూర్చుని వినండి. "అత్తయ్యా, నేను కూర్చుంటాను గాని అక్షతలు మీరే వేయండి" అని ముందురోజే నెమ్మదిగా చెప్పి ఉంచండి. పూజ మధ్యలో చెబితే నొచ్చుకుంటారు. పాప నానమ్మను చూసి దణ్ణం పెడితే ఆపకండి. ఆ రోజు దేవుడున్నాడా లేడా అనే చర్చ వద్దు, దానికి ఏడాదిలో ఇంకా బోలెడన్ని రోజులున్నాయి.

వంట గురించి గట్టిగా చెప్పాలి. దేవుణ్ణి కాదనుకున్న ఇళ్ళు చాలా చూశాను. పూజగది తీసేసిన ఇళ్ళలో కూడా పండగనాడు తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గర నిలబడేది ఆడవాళ్ళే. ఎసట్లో నానిన శనగపప్పు, ఉప్పు, కాస్త నూనె వేసి, బియ్యపు రవ్వ ఉండ కట్టకుండా కలపడం, వేడి పూర్తిగా పోకముందే చేతికి తడి రాసుకుని ఉండ్రాళ్ళు చుట్టడం మీవారు నేర్చుకోవచ్చు. అత్తగారు పక్కన కూర్చుని నేర్పిస్తారు. కొడుకుకు నేర్పడం ఆవిడకూ బాగుంటుంది.

మీది తెనాలి కాబట్టి ఒకటి గుర్తు చేస్తాను. కవిరాజు త్రిపురనేని రామస్వామి అక్కడే ఉండేవారు. మునిసిపల్ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు గంగానమ్మ కొలుపుల్లో జంతుబలి ఆపించినవారు. పురోహితుడి మంత్రాలు వద్దన్నాక, పెళ్ళి సంబరం కూడా వద్దని ఆయన అనలేదు. వధూవరులకు అర్థమయ్యే తెలుగులో 'వివాహవిధి' రాసి, తానే పెళ్ళిళ్ళు జరిపించారు. తీసేసిన దాని చోట ఏం పెట్టాలో కూడా కూర్చుని ఆలోచించిన మనిషి ఆయన. మీరూ మీవారూ ఒక సాయంత్రం అలా కూర్చోండి.

ప్రశ్న: మీరు చేస్తున్నది రాజీ. నరకాసురుణ్ణి చంపిన రోజును, మహిషాసురుణ్ణి చంపిన రోజును ఒక హేతువాది ఎలా జరుపుకుంటాడు? పండగనాడు దళితుణ్ణి గుడి మెట్లు ఎక్కనివ్వని ఊళ్ళున్నాయి, అక్కడ మీ పాలవెల్లి ఏం చేస్తుంది? నెహ్రూ, గోరా ఇలా రాజీపడ్డారా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం)

జవాబు: మాస్టారూ, మీరు పేరెత్తిన ఇద్దరితోనే మొదలుపెడతాను. నెహ్రూ 1954 జూన్ 21న రాసిన వీలునామాలో, తన మరణం తర్వాత మత సంస్కారాలేవీ జరపవద్దని కోరారు. నమ్మకం లేకుండా, ఆచారానికైనా సరే, వాటిని జరిపించుకోవడం కపటమవుతుందని రాశారు. అదే వీలునామాలో తన చితాభస్మంలో పిడికెడు అలహాబాదు దగ్గర గంగలో కలపమన్నారు. అందులో మతపరమైన అర్థమేమీ లేదని, గంగా యమునలతో తనకు చిన్ననాటి నుంచి అనుబంధమని చెప్పారు. మిగతా భస్మాన్ని విమానం నుంచి రైతులు పనిచేసే పొలాల మీద చల్లమన్నారు. ఈ రెండు కోరికల్లో మీకు వైరుధ్యం కనిపిస్తుందేమో. నాకు కనిపించదు. నమ్మనిదాన్ని నమ్మినట్టు నటించను, ప్రేమించినదాన్ని వదులుకోను, అంతే ఆయన చెప్పింది. 1964లో ఆయన పోయాక అంత్యక్రియలు మాత్రం మంత్రాలతోనే జరిపించారు. అంత స్పష్టంగా రాసిపెట్టిన మనిషి మాటను పక్కన పెట్టినందుకు నాకు ఇప్పటికీ బాధే.

గోరా గారంటే నాకు మరింత చనువు, ఆయనా వృక్షశాస్త్రం అధ్యాపకులే. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడ పటమటకు మార్చారు. పెద్ద కుమార్తె మనోరమకు దళిత యువకుడితో పెళ్ళి నిశ్చయించినప్పుడు, దాన్ని సేవాగ్రాంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. నాస్తికుల పెళ్ళి కాబట్టి ప్రమాణంలో దేవుడి పేరు తీసి ఆ చోట సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నారు. గాంధీ హత్య తర్వాత 1948లో ఆ పెళ్ళి సేవాగ్రాంలోనే జరిగింది. రాజీ అంటే ఎవరు దేన్ని వదులుకున్నట్టు? నాస్తికుడు వేడుకను వదులుకోలేదు, ఆస్తికుడు తన దేవుణ్ణి వదులుకోలేదు, అమ్మాయీ అబ్బాయీ కులం గోడ దాటారు.

కథల విషయంలో మీ అభ్యంతరం నాకూ ఉంది, మహిషాసురుణ్ణి చంపిన బొమ్మ ముందు నేను చప్పట్లు కొట్టను. కాని ఏ పండగ ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అనేది మన చేతిలోనే ఉంది. తమిళనాట హేతువాద నాయకుడు పెరియార్ దీపావళి వద్దన్నారు. పొంగల్‌ను ద్రావిడ ఉద్యమం పంట పండగగా, తమిళులందరి పండగగా అక్కున చేర్చుకుంది. మలయాళీలు 1961 నుంచి రాష్ట్ర పండగగా జరుపుకుంటున్న ఓణంలో ఇంటింటా ఎదురుచూసేది గెలిచిన వామనుడి కోసం కాదు, పాతాళం నుంచి తన జనాన్ని చూడవచ్చే అసురరాజు మహాబలి కోసం. కలకత్తాలో దుర్గా పూజ పందిళ్ళకు పక్కనే కమ్యూనిస్టులు దశాబ్దాలుగా పుస్తకాల దుకాణాలు పెడుతున్నారు. జనం లక్షల్లో వీధుల్లో ఉన్నప్పుడు తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చోవడం వాళ్ళకు సరి అనిపించలేదు.

గుడి మెట్ల సంగతి మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. దానికి నా దగ్గర మెత్తటి జవాబు లేదు. మనిషిని బయట నిలబెట్టే పండగలో నేను కూర్చోలేను, ఎంత చక్కటి ముగ్గు వేసినా, ఎంత కమ్మటి అరిసె పెట్టినా. సంక్రాంతికి ఎవరైనా ఊరికి పిలిస్తే నేను మొదట అడిగేది భోజనాల బంతి ఎక్కడ, ఎవరెవరు కూర్చుంటారు అని. గోరా దంపతులు అన్ని కులాలవారినీ ఒకే బంతిన కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టిన రోజుల్లో వాటికి వెళ్ళినవాళ్ళను ఇంట్లోకి రానివ్వని కుటుంబాలుండేవి. ఇప్పుడు మీరూ నేనూ పండగనాడే ఆ బంతి వేయించగలిగితే అంతకన్నా మంచి పండగ ఏముంటుంది? ఖమ్మంలో మీరు వేయిస్తానంటే వడ్డించడానికి నేను వస్తాను.

ప్రశ్న: ఏటా బతుకమ్మ ఆడతాను. గౌరమ్మను మాత్రం నమ్మను. "నమ్మనిదానివి మా మధ్యకు ఎందుకు వస్తావు?" అని ఈసారి కాలనీలో ఒకావిడ మొహం మీదే అడిగింది. (వరంగల్)

జవాబు: ఆడండి. ఆవిడతో, "గౌరమ్మ మీది, ఆట మనందరిది" అని చెప్పండి. పసుపు ముద్దతో గౌరమ్మను చేసి పెట్టే పని, చివర హారతి నమ్మేవాళ్ళకు వదలండి, మీరు పూలు పేర్చండి. ఆ పాటలు ఎన్నడైనా శ్రద్ధగా విన్నారా? దేవతలతో పాటు అత్తింటి ఆరళ్ళు, పుట్టింటి బెంగ, చూడవచ్చిన అన్న, ఊరి చెరువు అన్నీ అందులో ఉంటాయి. ఆడవాళ్ళు తమ బతుకును నలుగురి ముందు గొంతెత్తి చెప్పుకునే చోటు అది. తెలంగాణ ఉద్యమంలో బతుకమ్మ వీధుల్లోకి వచ్చింది. 2014లో రాష్ట్ర పండగ అయింది. ఇంత జరిగాక అది ఒక్క నమ్మకానికే చెందినదని ఎవరూ అనలేరు.

నాకు ఆ పండగలో బాగా నచ్చేది గునుగు. చేలో రైతు కలుపని పీకి పారేసే మొక్క అది. ఆ తొమ్మిది రోజులూ దాని కంకులకు రంగులద్ది తంగేడు పక్కన వరుసలుగా పేరుస్తారు. వాటి మీద పేర్చే బంతి పువ్వు మెక్సికో నుంచి వచ్చింది. పూలు చెరువును శుద్ధి చేస్తాయనే మాట మాత్రం మీరు ఎవరికీ చెప్పవద్దు, తెనాలి పాఠకురాలికి చెప్పిన కారణమే. ప్లాస్టిక్ పూలు, తళుకు కాగితాలు ఉంటే నీళ్ళలో వదిలేముందు తీసేయండి.

ప్రశ్న: మా పిల్లలు క్రిస్మస్ చెట్టు కావాలంటున్నారు. మాకు ఏ మతం మీదా నమ్మకం లేదు, దీపావళికి దీపాలు పెట్టుకుంటాం. చెట్టు పెడితే ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలు మతం మారామనుకుంటారేమో. (న్యూజెర్సీ)

జవాబు: పెట్టుకోండి. మీరున్న దేశంలో ఒకప్పుడు క్రైస్తవులే క్రిస్మస్ వద్దన్నారు. మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు 1659లో క్రిస్మస్ జరుపుకున్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు. బైబిల్లో లేని పండగ అని వాళ్ళ వాదన. 1681లో ఆ చట్టం పోయింది. 1870లో గాని ఫెడరల్ ప్రభుత్వం దాన్ని సెలవు రోజుగా గుర్తించలేదు. చెట్టు ఊసు బైబిల్లో లేదు. దేవుణ్ణి కాదన్న సోవియట్ ప్రభుత్వం మొదట ఆ చెట్టును తప్పుపట్టింది. 1935 చివర్లో అదే చెట్టును కొత్త సంవత్సరపు చెట్టుగా పిల్లలకు తిరిగి ఇచ్చింది. ఈ చరిత్ర మీ నాన్నగారికి ఫోనులో చెప్పండి, పిల్లలు దీపావళికి వెలిగించిన ప్రమిదల ఫోటో, చెట్టు ఫోటో రెండూ పక్కపక్కన పంపండి.

చెట్టు కొనేటప్పుడు పిల్లలకు ఒక పని పెట్టండి. సూది ఆకును ఒకదాన్ని తెంపి వేళ్ళ మధ్య దొర్లించమనండి. నాలుగు పలకలుగా ఉండి దొర్లితే అది స్ప్రూస్. చదునుగా ఉండి దొర్లకపోతే ఫర్. పొరుగున ఉన్న క్రైస్తవుల ఇంటికి ఆ రాత్రి భోజనానికి పిలిస్తే తప్పకుండా వెళ్ళండి, తినేముందు వాళ్ళు ప్రార్థన చేస్తుంటే పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోమనండి.

ప్రశ్న: లూథరన్ కుటుంబంలో పుట్టాను. విశ్వాసం పోయి చాలా కాలమైంది, అమ్మకు తెలుసు. అయినా క్రిస్మస్‌కు ఇంటి మీద నక్షత్రం కట్టమంటుంది, గుడికి రమ్మంటుంది, రాత్రి ఇంటి ప్రార్థనలో వాక్యం చదవమంటుంది. ఎంతవరకు చేయవచ్చు? (గుంటూరు)

జవాబు: నక్షత్రం కట్టండి, నిచ్చెన ఎక్కేది అమ్మ కాకూడదు. గుడికి వెళ్ళండి, చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన పాటలు గొంతెత్తి పాడండి. వాక్యం కూడా చదవండి, మీ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి అందులో మోసం లేదు. అమ్మకు వినబడాల్సింది కొడుకు గొంతు. ఒక్క ప్రభు భోజనం దగ్గర మాత్రం ఆగిపోండి. అది నమ్మినవాళ్ళు తమ నమ్మకాన్ని దేవుడి ముందు చెప్పుకునే చోటు. నమ్మకుండా ఆ రొట్టె తీసుకోవడం మీకూ సరికాదు, మీ పక్కన మోకరించినవాళ్ళకు అంతకన్నా సరికాదు. ఆ వరుస కదిలేటప్పుడు మీ చోటులో కూర్చుని ఉండండి. అమ్మ అడిగితే, "అమ్మా, నీ విశ్వాసం మీద గౌరవం ఉంది కాబట్టే రాలేదు" అని చెప్పండి. నాకు తెలిసిన విశ్వాసులు ఈ మాటను అర్థం చేసుకున్నారు.

ప్రశ్న: ముస్లిం కుటుంబం మాది. నాకు నమ్మకం లేదు, రోజా ఉండను. ఇఫ్తార్‌కు అందరితో కూర్చోవాలంటే దొంగతనంగా అనిపిస్తుంది. ఇంట్లో చెప్పేయనా? (విద్యార్థి, హైదరాబాదు)

జవాబు: బాబూ, చెప్పడమా మానడమా అన్నది నీ పరిస్థితిని బట్టి నువ్వే నిర్ణయించుకోవాలి. చదువుకు, నీడకు ఇంటి మీదే ఆధారపడి ఉన్నప్పుడు తొందరపడి ప్రకటన చేయనక్కర్లేదు. నీ మనసులో ఏముందో లోకానికి అప్పజెప్పాలనే నియమం ఏ హేతువాదంలోనూ లేదు. ఇఫ్తార్‌కు కూర్చో. అజాన్ వినబడేదాకా అందరితో పాటు ఆగు, తర్వాతే ఖర్జూరం నోట్లో పెట్టుకో. పగలు ఉపవాసం ఉన్నవాళ్ళ ఎదుట తినకు. సాయంత్రం పండ్లు కోసే పని, షర్బత్ కలిపే పని, తర్వాత గిన్నెలు కడిగే పని నువ్వు తీసుకో. రోజంతా మంచినీళ్ళు కూడా తాగకుండా వంట చేసిన మీ అమ్మకు అది ఎంతో సాయం. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండగకు హిందువులు పీర్లను ఎత్తుకుని నడుస్తారు, నిప్పుల గుండం చుట్టూ ఆడతారు. వాళ్ళను ఎవరూ దొంగలనరు.

ప్రశ్న: మా అపార్టుమెంటులో వినాయక మండపానికి ఇంటికి ఇంత అని చందా వేశారు. నమ్మనివాణ్ణి, ఇవ్వనంటే అందరూ ముఖం తిప్పుకుంటున్నారు. (మియాపూర్)

జవాబు: చందా ఇవ్వమని ఎవరూ బలవంతం చేయకూడదు. అది మీ హక్కు. అయినా మొండిగా ఇవ్వనని తలుపు వేయవద్దని నా సలహా. 1893లో తిలక్ వినాయకుణ్ణి ఇంట్లోంచి వీధిలోకి తెచ్చింది జనాన్ని ఒకచోట చేర్చడానికి. ఖైరతాబాద్‌లో 1954లో మొదలుపెట్టినప్పుడు ఆ విగ్రహం ఒక్క అడుగు ఎత్తు. ఇవాళ ఎత్తు పోటీలో పడి ఆ జనం సంగతే మరిచిపోతున్నాం. కమిటీ సమావేశానికి వెళ్ళండి. విగ్రహం మట్టిదైతే, చిన్నదైతే, లెక్కలు నోటీసు బోర్డు మీద పెడితే నా వాటా ఇస్తాను, అది భోజనాలకు వాడండి అని చెప్పండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు పెట్టకూడదని దేశమంతటికీ వర్తించే నిబంధన ఉంది, దాన్ని పాటించమని అడగండి. వాచ్‌మన్ కుటుంబం, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, చెత్త తీసుకెళ్ళేవాళ్ళు ఆ రోజు మీతో పాటే, అదే బంతిలో, అదే వేళకు కూర్చుని తినాలని పట్టుబట్టండి. దీనికి కమిటీ ఒప్పుకుంటే అడిగినదానికన్నా కాస్త ఎక్కువే ఇచ్చి, రసీదులో 'భోజనాలకు' అని రాయించుకోండి.